స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ – విడుదల, నిర్వహణ

అచ్చుయంత్రం రాకముందు మన కావ్యాలు తాళపత్రాల మీద ప్రతులుగా వ్యాపించాయి. ఒక ప్రతిని చూసి మరొక ప్రతి రాసేటప్పుడు అక్షరాలు తప్పేవి, పద్యాలు జారిపోయేవి, ఒక్కొక్కప్పుడు ఇతరుల పద్యాలు వచ్చి చేరేవి. 1829లో వేమన పద్యాలను ప్రచురించిన సి.పి. బ్రౌన్ అందుకోసం అనేక వ్రాతప్రతులను సేకరించి, పోల్చి చూడవలసివచ్చింది. రచనను లోకానికి అందించడం ఒక ఎత్తు, అది చెడకుండా కాపాడటం మరొక ఎత్తు. ఈ రెండవ పని నేటి కంప్యూటర్ రంగంలో ఎట్లా సాగుతున్నదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1983 సెప్టెంబరు 27న అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ అనే ప్రణాళికను ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించాడు. ఈ ఉద్యమం వినియోగదారునికి నాలుగు స్వేచ్ఛలు ఉండాలంటుంది. ప్రోగ్రామును ఏ ప్రయోజనానికైనా వాడుకోవడం మొదటిది. దాని మూలరచనను, అంటే సోర్స్ కోడ్‌ను చదివి మార్చుకోవడం రెండవది. ప్రతులను ఇతరులకు పంచడం మూడవది. తాను మార్చిన రూపాన్ని కూడా పంచడం నాల్గవది. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒక్క మాటకే ఉచితమని, స్వేచ్ఛ కలదని రెండర్థాలు ఉండటం వల్ల అపోహ కలుగుతుంది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఇక్కడ ప్రధానమైనది ధర కాదు, స్వేచ్ఛ. మన భాషకు చెందిన పోతన 2000, వేమన 2000 అనే ఫాంట్లు ఇట్లా అందరికీ లభిస్తున్నవే. డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని ఒక ప్యాకేజీగా కూర్చి అందిస్తున్నది.

ప్రోగ్రామును, దానికి కావలసిన ఫైళ్ళను, సూచనలను ఒకచోట చేర్చిన కట్టనే ప్యాకేజీ అంటారు. దాని బాగోగులు చూసే వ్యక్తి నిర్వాహకుడు. ఇతడే మొదటి రచయిత కానక్కరలేదు. లోకం నలుమూలల నుండి వచ్చే సవరణలను పరిశీలించి, తగినవాటిని స్వీకరించి, తగనివాటిని కారణం చెప్పి తిరస్కరించడం ఇతని నిత్యకృత్యం. ఆ పనిలో ప్రాచీన గ్రంథ పరిష్కర్తకు ఉండవలసిన ఓర్పు, నిష్పాక్షికత ఇతనికీ ఉండాలి.

విడుదలకు ముందు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. ప్రతి ఫైలులోనూ హక్కుల ప్రకటన, లైసెన్సు వివరం స్పష్టంగా ఉండాలి. ఇతరులు రాసి ఇచ్చిన భాగాన్ని వారి అనుమతి, హక్కుల వివరం లేకుండా చేర్చకూడదు. పదిహేను పంక్తులకు మించిన చేర్పు హక్కుల విషయంలో లెక్కలోకి వస్తుందని గ్నూ నిర్వాహకుల మార్గదర్శకాలు సుమారుగా ఒక హద్దు చెబుతున్నాయి. అసలు విడుదలకు ముందు పరీక్షా ప్రతిని ఇచ్చి, వేర్వేరు యంత్రాల మీద నడిపించి చూడాలి. దాని సంఖ్య కూడా అపోహకు తావివ్వకూడదు. 4.6 అనే విడుదలకు ముందు వచ్చే పరీక్షా ప్రతికి 4.5.90 అని పేరు పెడితే, అది 4.5 తరువాతిది, 4.6కు ముందుది అని చూడగానే తెలుస్తుంది.

విడుదల సమయంలో రెండు విషయాలు ముఖ్యం. మొదటిది వివరణ. వాడేవారికి కనిపించే మార్పులను ‘న్యూస్’ అనే ఫైలులోను, మూలరచనలో జరిగిన మార్పులను ‘చేంజ్‌లాగ్’ అనే ఫైలులోను నమోదు చేయడం గ్నూ సంప్రదాయం. రెండవది డిజిటల్ సంతకం. నిర్వాహకుడు తన రహస్య తాళంతో సంతకం చేస్తాడు. అతని బహిరంగ తాళంతో ఎవరైనా దానిని సరిచూడవచ్చు. మధ్యలో ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోదు. మన కవులు ఆశ్వాసాంత గద్యలో తమ పేరు చెప్పుకొన్నట్లే ఇదీ కర్తృత్వాన్ని తెలుపుతుంది.

అయితే సంతకం ఒక్కటే చాలదని 2024లో జరిగిన ఒక సంఘటన నిరూపించింది. ‘ఎక్స్‌జెడ్’ అనేది సమాచారాన్ని కుదించే చిన్న ప్యాకేజీ. లినక్స్ యంత్రాలలో విస్తారంగా వాడుకలో ఉన్నది. దానిని చాలాకాలంగా ఒకే వ్యక్తి, జీతం లేకుండా, తీరిక వేళల్లో చూసుకుంటూ వచ్చాడు. అతడు అలసిపోయిన దశలో ఒక అపరిచితుడు మారుపేరుతో వచ్చి, మంచి సవరణలు పంపి, నమ్మకం సంపాదించి, విడుదల చేసే అధికారం పొందాడు. ఆపై 5.6.0, 5.6.1 విడుదలలలో ఇతరుల యంత్రాలలోకి చొరబడటానికి దొంగదారిని అమర్చాడు. విడుదల కట్టలో ఉన్న ఒక కీలక భాగం అందరికీ కనిపించే మూలరచన భాండారంలో లేదు. సంతకం మాత్రం సరిగానే ఉన్నది. సంతకం ఎవరు పంపారో చెప్పగలదు, ఏ ఉద్దేశంతో పంపారో చెప్పలేదు.

ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలోకి ప్రవేశించడానికి మామూలుకంటే అర సెకను ఆలస్యమవుతున్నదని గమనించి, కారణం వెదికి, 2024 మార్చి 29న ఈ మోసాన్ని బయటపెట్టాడు. అప్పటికి ఆ విడుదలలు ఎక్కువగా పరీక్షాదశలో ఉన్న వ్యవస్థలకే చేరడం వల్ల పెద్ద ముప్పు తప్పింది. మూలరచన బహిరంగంగా ఉండటం వల్లనే ఆయన ఆ కారణాన్ని వెదకగలిగాడన్నది గుర్తుంచుకోదగిన విషయం.

దీని నుండి గ్రహించవలసిన నియమాలు మూడు. విడుదల కట్టను బహిరంగ మూలరచనతో ఎవరైనా పోల్చి చూడగలిగేటట్లు ఉంచాలి. ఆనాడు ప్రతులను పోల్చి చూసినదీ ఇందుకే. ముఖ్యమైన అధికారం ఒక్కరి చేతిలోనే ఉండిపోకూడదు, పరీక్షించకుండా మరొకరి చేతికి పోనూకూడదు. నిర్వాహకుడు తప్పుకోదలిస్తే ముందుగా తెలియజేసి, తగిన వారసుని వెదకడానికి వ్యవధి ఇవ్వాలి. అలసటను చెప్పుకోవడం అపరాధం కాదు. దానిని విని ఆదుకోకపోవడమే వాడుకునేవారి లోపం.

ఊరి చెరువు నీటిని అందరూ వాడుకుంటారు. పూడిక తీసేవారు, గట్టు చూసేవారు కొందరే. ఆ కొందరు లేనినాడు చెరువు ఎండుతుంది, లేదా గండి పడుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కూడా అటువంటి ఉమ్మడి ఆస్తి. మీలో కొందరు రేపు ప్రోగ్రాములు రాయవచ్చు. రాయలేనివారు కూడా ఒక దోషాన్ని వివరంగా తెలియజేయవచ్చు, సూచనలను తెలుగులోకి అనువదించవచ్చు, ఒక నిర్వాహకునికి కృతజ్ఞత చెప్పవచ్చు. స్వేచ్ఛను అనుభవించేవారు దాని సంరక్షణలో పాలుపంచుకున్నప్పుడే అది నిలుస్తుంది.

అభ్యాసం

1. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోని నాలుగు స్వేచ్ఛలను వివరించండి.
2. ‘సంతకం ఒక్కటే చాలదు’ – ఎక్స్‌జెడ్ ఉదంతం ఆధారంగా సమర్థించండి.
3. గ్రంథ పరిష్కర్తకు, సాఫ్ట్‌వేర్ నిర్వాహకునికి గల పోలికలను తెలపండి.
4. సంధులు విడదీసి, పేర్లు తెలపండి: ఆశ్వాసాంత, అవసరమైన.