కుండీలో మందారం

మందారానికి ఎండ కావాలి, వెచ్చదనం కావాలి. గడ్డకట్టే చలికి అది తట్టుకోలేదు. మన ఊళ్లు దానికి బాగా సరిపోతాయి. పెరడు ఉన్నవాళ్లు నేలలో పెంచుతారు. పెరడు లేనివాళ్లు కుండీలో పెంచుతారు. పాత బకెట్టు అయినా పనికొస్తుంది.

నేలలో మొక్క వేళ్లు దూరం పోతాయి. నీళ్లు, బలం వెతుక్కుంటాయి. కుండీలో మొక్క ఎక్కడికీ పోలేదు. మనం పోసిందే తాగాలి. మనం పెట్టిందే తినాలి. అందుకే తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే.

ఒక ఇంటి సంగతి చూడండి.

కోడలు పుట్టింటి నుంచి మందారం కొమ్మ తెచ్చి కుండీలో నాటింది. కొమ్మ చిగురించింది. మొగ్గ తొడిగింది. ఇంతలో ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోయాయి.

"నీళ్లు చాలటం లేదేమో అత్తయ్యా!" అంది కోడలు. ఇంకో చెంబు పోసింది.

"పొద్దున నేను పోశాను కదే!" అంది అత్త.

"నేనూ పోశాను నానమ్మా! బియ్యం కడిగిన నీళ్లు" అంది మనవరాలు.

రోజూ ముగ్గురూ పోస్తున్నారు! కుండీ వంచి చూశారు. అడుగున చిల్లు పూడిపోయింది. మట్టి మురుగు వాసన కొట్టింది.

వేళ్లకు కూడా గాలి కావాలి. నీళ్లు నిలిస్తే గాలి ఆడదు. వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు. అందుకే నీళ్లలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది.

అత్తాకోడళ్లు నల్లబడిన వేళ్లు కత్తిరించారు. చిల్లు శుభ్రం చేశారు. దాని మీద పెంకు ముక్క పెట్టారు. కొత్త మట్టి పోసి మొక్కను మళ్లీ నాటారు. కొన్నాళ్లు నీడన ఉంచారు. నెల తిరిగేసరికి కొత్త చిగురు కనిపించింది.

నీళ్లు

మట్టిలో వేలు గుచ్చి చూడండి. రెండు కణుపుల లోతు వరకు పొడిగా ఉంటేనే పోయండి. అడుగు చిల్లులోంచి కారేదాకా పోయండి. వేసవిలో రోజూ అవసరం రావచ్చు. వానాకాలంలో చాలా రోజులు అవసరమే ఉండదు. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవ ఉంచకండి. డెంగ్యూ దోమ అలాంటి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది.

ఎండ

మందారానికి రోజుకు 5, 6 గంటల ఎండ కావాలి. నీడలో ఆకులు వస్తాయి, పూలు తగ్గుతాయి. మల్లెకూ అంతే. నందివర్ధనం, కనకాంబరం కొంచెం నీడను ఓర్చుకుంటాయి. మే నెల మధ్యాహ్నం ఎండకు కుండీ కాగిపోతుంది, వేళ్లు ఉడికిపోతాయి. అప్పుడు పొద్దుటి ఎండ తగిలే చోటికి జరపండి.

తిండి

నెలకు ఒకసారి రెండు గుప్పిళ్లు బాగా మాగిన పేడ ఎరువు వేయండి. పచ్చి పేడ వేయకండి. దాని వేడికి వేళ్లు పాడవుతాయి.

ఎరువు బస్తా కొంటే దాని మీద అంకెలు చదవండి. 17-17-17 అని ఉంటే అందులో మూడు రకాల బలం ఉంది. మొదటి అంకె నత్రజని. అది ఆకుకు బలం. రెండోది భాస్వరం. అది వేరుకు బలం. మూడోది పొటాష్. అది పూతకు బలం. యూరియాలో నత్రజని ఒక్కటే ఉంటుంది, నూటికి 46 పాళ్లు. యూరియా మాత్రమే వేస్తే ఆకు గుబురుగా పెరుగుతుంది, పూలు తగ్గుతాయి.

మామిడి ముక్కలకు ఉప్పు వేస్తే నీరు ఊరుతుంది కదా! ఎరువు ఎక్కువైతే వేళ్లలోని నీరు కూడా అలాగే బయటికి పోతుంది. మొక్క మాడిపోతుంది. అందుకే పెద్ద కుండీకి కూడా నెలకు అర చెంచా చాలు. ముందు నీళ్లు పోసి, తడి మట్టిలోనే వేయండి. జబ్బుపడిన మొక్కకు ఎరువు వేయకండి. ఎరువు పిల్లలకు అందకుండా దాచండి. వేశాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఎరువు వేసిన రోజు గోడ మీద సుద్దతో తారీఖు రాయండి. ఇంట్లో అందరూ చదువుతారు. రెండోసారి ఎవరూ వేయరు.

ఆలోచించండి, చెప్పండి

1. నీళ్లు ఎక్కువైతే మొక్క ఎందుకు వాడిపోతుంది?
2. మీ ఇంట్లో కుండీకి ఎన్ని గంటల ఎండ తగులుతుంది? చూసి రాయండి.
3. మీ ఊరి దుకాణంలో ఒక ఎరువు బస్తా మీది అంకెలు చదవండి. పలక మీద రాయండి.