కరివేపాకు మీది పురుగు ఎవరు?

బదిలీలపై ఎన్ని ఊళ్లు తిరిగినా మన తెలుగువాళ్లు పెరట్లో ముందుగా నాటేది కరివేపాకు మొక్కే. రాయ్‌పూర్‌లో దీన్ని 'మీఠా నీమ్' అంటారు. దాని ఆకుల మీద పురుగు కనబడగానే మనం మందు కొట్టేస్తాం. కొట్టే ముందు అది ఎవరో తెలుసుకుందాం.

అది 'కామన్ మార్మన్' సీతాకోకచిలుక పిల్ల. శాస్త్రీయ నామం పాపిలియో పాలిటెస్. దీని జీవితంలో నాలుగు దశలు ఉంటాయి.

గుడ్డు: తల్లి ఆకుపై వాలి, కాళ్లతో రుచి చూస్తుంది. కరివేపాకు, నిమ్మ, మారేడు వంటి ఒకే కుటుంబపు మొక్కలను గుర్తుపట్టి, లేత ఆకులపై గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది.

లార్వా: గొంగళిపురుగు పుట్టగానే తన గుడ్డు పెంకును తింటుంది. మొదట్లో అచ్చం పక్షి రెట్టలా ఉంటుంది కనుక పక్షులు మోసపోతాయి. నాలుగుసార్లు చర్మం విడిచాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. తాకితే తల వెనుక నుండి ఎర్రని జంట కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది.

ప్యూపా: కొమ్మకు తోక అతికించి, నడుముకు సన్నని పట్టుదారం కట్టుకుని కదలకుండా ఉంటుంది. ఛత్తీస్‌గఢ్ కోసా పట్టుపురుగులా చుట్టూ గూడు అల్లుకోదు. అందుకే రంగే దీనికి రక్షణ. పచ్చని ఆకుల మధ్య పచ్చగా, ఎండుకొమ్మ మీద గోధుమరంగులో ఉంటుంది.

ప్రౌఢ దశ: మగదాని నల్లని రెక్కలపై తెల్లమచ్చల వరుస ఉంటుంది. ఆడవాటిలో మూడు రూపాలు. ఒకటి మగదానిలాగే ఉంటుంది. మిగిలిన రెండూ కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అనే విషపు సీతాకోకచిలుకల వేషం వేస్తాయి. ఆ రోజ్‌లు లార్వాగా ఈశ్వరి జాతి తీగల ఆకులు తిని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. ఒకసారి వాటిని రుచి చూసిన పక్షి మళ్లీ వాటి జోలికి పోదు. ఆ భయమే మార్మన్‌కు కవచం. అయితే వేషధారులు మరీ ఎక్కువైతే పక్షులకు గుట్టు తెలిసిపోతుంది!

ఈ మూడు రూపాలూ ఒకే జాతివని ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1865లో వివరించాడు. ఈ వేషాన్ని నడిపేది 'డబుల్‌సెక్స్' అనే ఒకే జన్యువని 2014లో తేలింది.

పురుగు తిన్న కొమ్మ మళ్లీ చిగురిస్తుంది. మందుకు చచ్చిన పురుగు మాత్రం సీతాకోకచిలుక కాలేదు.

చేసి చూడండి: మీ ఇంటి మొక్కకు మందు కొట్టకుండా ఒక కొమ్మను పురుగుకు వదిలేయండి. గుడ్డు కనబడిన రోజు నుండి రంగు, పొడవు, తేదీ నోటుబుక్‌లో రాయండి. రెక్కలు విప్పిన రోజున అది మగదో, ఏ వేషపు ఆడదో గుర్తించి తరగతిలో చెప్పండి.