క్యాన్సర్ రిపోర్టులు ఎవరి చేతికి? చేయవలసినవి, చేయకూడనివి

హైదరాబాద్ శివార్లలోని మన బౌరంపేట్‌లో ఒక ఇంట్లో క్యాన్సర్ బయటపడితే ఆ మనిషి కాగితాలు ఒక్క చోట ఉండవు. మొదటి స్కాన్ గండిమైసమ్మలోనో బాచుపల్లిలోనో తీస్తారు. ముక్క తీసి పరీక్షకు పంపడం సూరారంలో అవుతుంది. ఆపరేషన్ బంజారాహిల్స్‌లో, కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడం రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రిలో. వెళ్లిన ప్రతి చోటా కొత్త నంబరు, కొత్త ఫైలు.

ఇలా చెల్లాచెదురైన వివరాలను కలిపే ప్రయత్నాలు చాలా కాలంగా సాగుతున్నాయి. దేశంలో క్యాన్సర్ రోగుల లెక్కను ఒక పద్ధతిలో పెట్టే జాతీయ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని భారత వైద్య పరిశోధన మండలి 1981లో మొదలుపెట్టింది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ రిపోర్టులను ఆన్‌లైన్‌లో పంపి అనుమతి తెచ్చుకునే పద్ధతిని పేదవాడి వైద్యంలోకి తెచ్చింది. 2012లో టాటా మెమోరియల్ ఆసుపత్రి ముందుండి, క్యాన్సర్ ఆసుపత్రులను కలిపే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌ను ఏర్పాటు చేసింది. 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, దానితో ఒక మనిషి ఆరోగ్య రికార్డులను కలిపే 14 అంకెల ఆభా నంబరు వచ్చాయి. అమెరికా 2004లోనే కాబిగ్ పేరుతో దేశంలోని క్యాన్సర్ కేంద్రాలన్నిటినీ కలిపే పెద్ద నెట్‌వర్క్‌కు దిగింది. సాఫ్ట్‌వేర్ మీద పెట్టిన దృష్టి దాన్ని వాడాల్సిన పరిశోధకుల అవసరాల మీద పెట్టలేదని 2011 నాటి సమీక్ష తప్పుపట్టింది. మరుసటి ఏడాదే ఆ కార్యక్రమాన్ని ముగించేశారు.

మనుషులు ఇచ్చే వివరాలు పరిశోధనకు ఎలా పనికొస్తాయో చూపే ఉదాహరణ మనకు బాగా దగ్గర్లో, మేడ్చల్ మండలంలోనే ఉంది. 2000 తర్వాతి దశకంలో ఇక్కడి స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేసి, ఏ పరీక్ష ఎంత నమ్మదగిందో పోల్చి చూశారు. రెండు వేల మూడు వందల మందికి పైగా స్త్రీల ఫలితాలతో 2010లో వచ్చిన పరిశోధన పత్రం, కంటితో చూసి చెప్పే పరీక్ష కన్నా హెచ్‌పీవీ వైరస్‌ను వెతికే పరీక్ష జబ్బును బాగా పట్టుకుంటుందని చూపింది. మన పక్క ఊళ్ల ఆడవాళ్లు నమ్మి ఇచ్చిన నమూనాలు వేరే దేశాల డాక్టర్లు చదివే విషయమయ్యాయి. ఆ నమ్మకం విలువైనదని గట్టిగా అనుకుంటున్నాను కాబట్టే ఈ జాగ్రత్తలు రాస్తున్నాను. వైద్యం చేసేవాళ్లకు అన్నీ ఇవ్వాలి. పరిశోధన చేసేవాళ్లకు మన సమ్మతితో, పేరూ ఆనవాళ్లూ తీసేసి ఇవ్వాలి. ఊరికే అడిగేవాళ్లకు ఏదీ ఇవ్వకూడదు.

చేయవలసినవి

మొదటి ఓపీ చీటీ రాయించేటప్పుడే పేరు సరిచూసుకోండి. మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగానే మిగులుతుంది. ఒక చోట కె. లక్ష్మి, ఇంకో చోట లక్ష్మి కె., ఆధార్‌లో లక్ష్మమ్మ అని ఉంటే కంప్యూటర్ ముగ్గురు మనుషులను చూస్తుంది. దానివల్ల రెండు నష్టాలు. రిజిస్ట్రీలో ఒకే రోగి రెండుసార్లు లెక్కకు వస్తుంది. అంతకన్నా ప్రమాదం, ఆమె పాత రిపోర్టు కొత్త డాక్టరుకు కనిపించదు, ఇంకో లక్ష్మి రిపోర్టు కనిపిస్తుంది. ఆధార్‌లో ఎలా ఉంటే అన్ని చోట్లా అలాగే రాయించండి. వయసు కూడా అంతే. 'యాభై వేసుకోండి' అనకండి.

చిరునామా దగ్గర 'హైదరాబాద్' అని సరిపెట్టకండి. బౌరంపేట్, దుండిగల్, మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా అని పూర్తిగా చెప్పండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ దీని మీద నాకు పట్టింపు ఎక్కువ. ఒక ప్రాంతంలో ఎంత జబ్బు ఉందో తేలేది చిరునామాతోనే. 2020లో వచ్చిన జాతీయ రిజిస్ట్రీ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలోకెల్లా ఎక్కువగా హైదరాబాద్ జిల్లాలో, లక్ష మంది స్త్రీలకు 48గా తేలింది. ఆ లెక్క హైదరాబాద్ జిల్లా నివాసులది. ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉన్న మనం హైదరాబాద్ అని రాయిస్తే అక్కడి లెక్క పెరుగుతుంది, మన దగ్గర జబ్బే లేనట్టు కనిపిస్తుంది. పరీక్షల క్యాంపు ఎక్కడ పెట్టాలి, మెషీన్ ఏ ఆసుపత్రికి ఇవ్వాలి అనే నిర్ణయాలకు ఇలాంటి లెక్కలే ఆధారం. వేరే జిల్లా నుంచి వచ్చి ఇక్కడ విల్లాల్లో, అపార్టుమెంట్లలో ఉంటున్నవాళ్లు ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారో కూడా చెప్పాలి.

డిశ్చార్జి రోజున బిల్లు కట్టి, రికార్డులు తీసుకోకుండా వచ్చేయకండి. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని, ఇన్‌పేషెంట్ల రికార్డులను మూడేళ్లు దాచాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు డాక్టర్లకు చెబుతున్నాయి. మూడేళ్ల తర్వాత జబ్బు తిరగబెడితే ఆ కాగితం మీ ఇంట్లోనే ఉండాలి. ముఖ్యంగా ఇవి అడగండి: పాథాలజీ రిపోర్టు పూర్తి కాపీ, రొమ్ము క్యాన్సరైతే అందులో ఈఆర్, పీఆర్, హెర్-2 ఫలితాలు, స్టేజీ, ఆపరేషన్ నోట్సు. కీమో అయితే ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నిసార్లు ఎక్కించారు అన్నది. ఎర్ర మందు అని పిలిచే డాక్సోరుబిసిన్‌కు జీవితకాలం మొత్తానికి ఒక హద్దు ఉంది. అది దాటితే గుండె దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. ఇంతకు ముందు ఎంత ఇచ్చారో కొత్త డాక్టరుకు తెలియకపోతే ఆ హద్దు ఎక్కడుందో ఆయన ఎలా చెప్పగలడు? కరెంటు పెట్టిన చోటు, ఎన్ని గ్రేలు (కరెంటు మోతాదు), ఎన్ని విడతలు అన్నది కూడా రాయించుకోవాలి. ఒకసారి కరెంటు పెట్టిన చోట మళ్లీ పెట్టాలంటే డాక్టరు ముందుగా చూసేది అదే.

స్కాన్‌కు ఫిల్ముతో పాటు సీడీయో పెన్‌డ్రైవో అడిగి తీసుకోండి. వాటిలో డైకామ్ ఫైళ్లు, అంటే స్కాన్ అసలు డిజిటల్ బొమ్మలు, ఉంటేనే ఇంకో ఆసుపత్రి డాక్టరు గడ్డను పొరపొరగా చూసి కొలవగలరు. ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టి తీసిన ఫోటో సెకండ్ ఒపీనియన్‌కు పనికిరాదు. ముక్క పరీక్ష తాలూకు స్లైడ్లు, మైనం బ్లాకులు ఇంకో ల్యాబుకు తీసుకెళ్లేటప్పుడు సంతకం పెట్టి తీసుకోండి, అలాగే తిరిగి అప్పగించండి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి. ఆ బ్లాకులో ఉన్న ముక్క మళ్లీ దొరికేది కాదు.

అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండలేం. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, దాదాపు రెండు వారాలు పనంతా కాగితాల మీదే నడిచింది. ఆ రోజుల్లో చేతిలో ఫైలు ఉన్న రోగిది ఒక పరిస్థితి, లేని రోగిది ఇంకో పరిస్థితి.

పరిశోధనకు నమూనా ఇమ్మంటే సమ్మతి పత్రం తెలుగులో చదివించుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, నమూనా ఎన్నాళ్లు దాస్తారు, దేశం దాటుతుందా అని అడగండి. మధ్యలో మానుకునే హక్కు మీకుంది. మానుకున్నా మీ వైద్యం ఆగకూడదు. 2017 నాటి వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెప్పేది ఇదే.

చేయకూడనివి

రిపోర్టును కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. మంచి డాక్టరు పేరు కావాలంటే జబ్బు పేరు చెబితే చాలు. విరాళాల కోసం పెట్టాల్సి వచ్చినా ఆధార్ నంబరు, ఆసుపత్రి నంబరు, బార్‌కోడ్, ఫోన్ నంబరు చెరిపేశాకే పెట్టండి. పెళ్లి కావలసిన పిల్లలున్న ఇంట్లో బీఆర్‌సీఏ జన్యు పరీక్ష ఫలితం బయటపడితే ఏమవుతుందో మన సమాజంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ఫలితం ఒక్క రోగిదే కాదు, అక్కచెల్లెళ్లది, అన్నదమ్ములది, పిల్లలది కూడా.

ఆభా కార్డు చేస్తామనో, ఆరోగ్యశ్రీ డబ్బు వచ్చిందనో ఫోన్ చేసినవాళ్లకు ఓటీపీ చెప్పవద్దు. ఆభా తీసుకోవడం మీ ఇష్టం. దాని ద్వారా ఏ రికార్డు, ఎవరికి, ఎంత కాలానికి చూపాలో మీరే నిర్ణయిస్తారు, ఇచ్చిన అనుమతిని వెనక్కీ తీసుకోవచ్చు. మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఆపడం కష్టం.

బాచుపల్లి, దుండిగల్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఒక మాట. ప్రాజెక్టు కోసం తెలిసిన స్కాన్ సెంటర్లో అన్నయ్యనో, ల్యాబులో అక్కనో అడిగి రోగుల ఫైళ్లు తెచ్చుకోవద్దు. పేరు తీసేశాం కదా అనుకోవద్దు. డైకామ్ ఫైలు లోపల పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు ఉంటాయి. అల్ట్రాసౌండ్ బొమ్మల్లో పేరు చాలాసార్లు బొమ్మ మీదే ముద్రపడి ఉంటుంది. అమెరికాలో పిన్‌కోడ్, పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా అన్న మూడు వివరాలతోనే 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 2000లో చూపింది. మన ఊళ్లో అన్ని కూడా అక్కర్లేదు. 'బౌరంపేట్, 34 ఏళ్ల స్త్రీ, ఎముక క్యాన్సర్' అంటే ఎవరో బస్టాపులో నిలబడ్డవాళ్లు చెబుతారు. పని నేర్చుకోవడానికి టీసీజీఏ అనే అమెరికా క్యాన్సర్ జన్యు సమాచార నిధిలో 33 రకాల క్యాన్సర్లకు చెందిన పదకొండు వేల మందికి పైగా రోగుల వివరాలున్నాయి. స్కాన్ బొమ్మలకు క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్ ఉంది. అందరికీ తెరిచిపెట్టిన భాగంతో మొదలుపెట్టండి. అనుమతి అడగమన్న భాగాన్ని అనుమతితోనే ముట్టండి. అమ్మ రిపోర్టును చాట్‌బాట్‌కు పెట్టి అర్థం అడిగేవాళ్లు కూడా పేరు, నంబర్లు కత్తిరించి పెట్టాలి. అది చెప్పినదాన్ని నమ్మి మందు ఆపకూడదు.

చివరిగా, క్యాన్సర్ రిజిస్ట్రీ నుంచి వచ్చినవాళ్లను గుమ్మంలోంచే పంపేయవద్దు. గుర్తింపు కార్డు చూడండి, ఏ ఆసుపత్రి తరఫున వచ్చారో అడగండి, అనుమానముంటే ఆ ఆసుపత్రికి మీరే ఫోన్ చేసి కనుక్కోండి. వాళ్లు డబ్బు అడగరు, ఓటీపీ అడగరు. మనిషి పోయిన ఇంటికి కూడా రిజిస్ట్రీ నుంచి ఫోన్ వస్తుంది. ఎత్తి మాట్లాడటం ఎంత కష్టమో తెలుసు. అయినా పోయిన తేదీ చెప్పండి. ఆ తేదీ లేకపోతే పోయిన మనిషి పేరు, బతికున్నారో లేదో తెలియని రోగుల వరుసలో మిగిలిపోతుంది. అలాంటి పేర్లు పెరిగిన కొద్దీ ఏ వైద్యం మన వాళ్లను ఎన్నేళ్లు బతికిస్తోందో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు.