ఓటు వేయనివాళ్లకూ నువ్వే సర్పంచివి

చిరంజీవి అమ్మాయికి,


నువ్వు సర్పంచిగా ప్రమాణం చేశావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. పోటీ గట్టిగా జరిగిందనీ, రెండు వర్గాలవాళ్లూ ఇప్పటికీ ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటున్నారనీ కూడా చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం.

సర్పంచి ఎన్నికలో పార్టీ గుర్తులుండవు. అయినా ఎవరు ఏ పార్టీ మనిషో ఊరంతటికీ తెలుసు. గుర్తుల్ని బ్యాలెట్ మీద నుంచి చట్టం తీసేయగలిగింది గానీ మనసుల్లో నుంచి తీయలేదు. ఆ పని నీది.

ఈ విషయంలో నీలం సంజీవరెడ్డిగారిని గుర్తుపెట్టుకో. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయిన మనిషి. అప్పటిదాకా రాజకీయ జీవితమంతా కాంగ్రెస్‌లోనే గడిచింది. 1967 మార్చిలో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికవగానే ఆ పార్టీకే రాజీనామా చేశారు. స్పీకర్ సభ మొత్తానికీ చెందినవాడని ఆయన నమ్మకం. రాష్ట్రపతి ప్రసంగించిన రోజునే ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు తీసుకున్నారు కూడా. 1969లో ఆ పదవి వదిలి, కాంగ్రెస్ అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి ఓడిపోయారు. 1977లో అదే రాష్ట్రపతి పదవికి పోటీయే లేకుండా ఎన్నికయ్యారు. నిన్ను పార్టీ వదలమని నేను చెప్పడం లేదు. పంచాయతీ ఆఫీసు గడప లోపలికి దాన్ని తీసుకురావద్దంటున్నాను.

నిష్పక్షపాతమంటే ఇద్దరికీ చెరిసగం పంచడం కాదమ్మా. ఒక వాడకు రోజూ నీళ్లొస్తూ, ఇంకో వాడకు వారానికోసారి వస్తుంటే, రెండుచోట్లా సమానంగా పైపులేస్తే అది న్యాయం అనిపించుకోదు. ఎవరి కష్టం ఎక్కువో వాళ్ల పని ముందు. ఆ వాడ నీకు ఓటేసిందా లేదా అన్న లెక్క అక్కడికి రాకూడదు. ఏ నిర్ణయమైనా సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకో: ఇదే పని నా మీద ఓడిపోయిన మనిషి చేస్తే నేనేమనేదాన్ని? తప్పనేదాన్నని అనిపిస్తే కలం కింద పెట్టెయ్.

ఇక చెప్పుడు మాటలు వినడం సంగతి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో దేశమంతా వదంతులు వ్యాపించాయి. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో అయిదుగురు సంచార జాతివాళ్లను జనం పట్టుకొచ్చి కొట్టి చంపారు. ఎక్కడో తెలుసా? పంచాయతీ ఆఫీసు గదిలో. అదే వదంతి మన జోగులాంబ గద్వాల జిల్లాకూ వచ్చింది. అప్పుడు అక్కడ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊళ్లలోకి పంపి జనంతో మాట్లాడించారు, జానపద కళాకారుల చేత పాటలు కట్టించి పాడించారు. చేతికొచ్చిన ప్రతి సందేశాన్నీ ఎవరు పంపారు, ఎవరు చూశారు అని అడగడం నేర్పారు. ఆమె పరిధిలో ఆ వదంతులకు ఒక్క ప్రాణమూ పోలేదు. వదంతి ఒకటే, జనమూ అలాంటివాళ్లే. ఆగి విచారించమని చెప్పేవాళ్లు ఒకచోట ముందే కదిలారు.

మనకు నచ్చిన కబురునే ఎక్కువ అనుమానించాలి. నచ్చని కబురును ఎలాగూ పదిసార్లు తరచి చూస్తాం. నీ ప్రత్యర్థి గురించి ఎవరైనా చెడ్డమాట మోసుకొస్తే, ఆ మనిషిని పిలిచి ఎదురుగా అడుగు. తగాదా వస్తే రెండోపక్షం రాకుండా తీర్పు చెప్పకు.

నిన్ను పొగిడేవాళ్లు రేపటి నుంచి పెరుగుతారు. రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న అంబేద్కర్ చేసిన హెచ్చరిక అప్పుడు తలుచుకో. రాజకీయాల్లో భక్తి, వీరపూజ చివరికి నియంతృత్వానికే దారితీస్తాయని ఆయన చెప్పారు. కాబట్టి నీ మాట తప్పు అని మొహం మీద చెప్పే మనిషిని దగ్గర పెట్టుకో. అవతలి వర్గంలో దొరికితే మరీ మంచిది.

చేయాల్సినవి మూడు చెబుతాను. ఇళ్లకూ పింఛన్లకూ ఎంపికైనవాళ్ల జాబితాను, ఎందుకు ఎంపికయ్యారో కారణంతో సహా, గోడకు అంటించు. గ్రామసభలో మొదట మాట్లాడే అవకాశం నీకు వ్యతిరేకంగా ఉన్నవాళ్లకివ్వు. తీర్మానాల పుస్తకంలో అభ్యంతరాలు కూడా రాయించు. నీవాళ్లకు కోపం వస్తుంది. రానీ. వాళ్ల కోపం కొన్నాళ్లలో తగ్గుతుంది గానీ, అన్యాయం జరిగిందన్న బాధ ఒక ఇంట్లో పడితే తరతరాలూ పోదు.

ఈ వారమే నీ మీద ఓడిపోయిన ఆయన ఇంటికి వెళ్లు. ఊరికి ముందుగా ఏం కావాలో ఆయన్ని అడుగు. ఆయన చెప్పింది సబబైతే మొదటి గ్రామసభలో ఆయన పేరు చెప్పే ఆ పని మొదలుపెట్టు.

ఇట్లు,
నీ పెద్దనాన్న