కంటికి కనిపించని కాపరులు

సముద్రం అపారమైనది. అందులోని జీవులు విసర్జించే మాలిన్యం అసంఖ్యాకమైన సూక్ష్మజీవుల వలన మార్పు చెంది, మరల జీవచక్రంలో కలిసిపోతుంది. నాలుగు అద్దాల నడుమ నిలిపిన ఉప్పునీటికి ఆదిలో ఆ భాగ్యం ఉండదు. అందుకే కొత్త అక్వేరియంలో నీరు స్ఫటికంలా మెరుస్తున్నా, తొందరపడి విడిచిన చేపలు కొద్ది రోజులలోనే మరణిస్తుంటాయి. నీరు నిర్మలంగా కనిపించడం వేరు. నివాసయోగ్యం కావడం వేరు.

చేప ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తుంది. తినగా మిగిలిన ఆహారం కుళ్లినప్పుడూ అదే వెలువడుతుంది. సముద్రజలం క్షారగుణం కలది, దాని పి.హెచ్. విలువ సుమారు 8.1. క్షారగుణం హెచ్చిన కొద్దీ అమ్మోనియాలో విషరూపమైన భాగం హెచ్చుతుంది. కనుక ఉప్పునీటి తొట్టిలో దానిని ఉపేక్షించరాదు.

ఈ విషాన్ని హరించేవి రెండు వర్గాల బాక్టీరియాలు. మొదటి వర్గం అమ్మోనియాను నైట్రైటుగానూ, రెండవ వర్గం నైట్రైటును నైట్రేటుగానూ మారుస్తాయి. నైట్రేటు హాని స్వల్పం. ఈ క్రియ రెండు దశలలో జరుగుతుందని రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో నిరూపించాడు.

ఈ బాక్టీరియాలు నీటిలో తేలియాడడం కంటె రాళ్లను, ఇసుకను, వడపోత పదార్థాన్ని ఆశ్రయించి పెరగడమే ఎక్కువ. అందువలన సూక్ష్మరంధ్రాలు గల సముద్రపు రాళ్లను తొట్టిలో అమర్చి, చేపలు లేకుండానే కొద్దిపాటి అమ్మోనియాను అందించాలి. నీటిని తరచుగా పరీక్షిస్తే మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది; పిదప నైట్రైటు పెరిగి తగ్గుతుంది. అందించిన అమ్మోనియా ఒక్క దినంలో హరించుకుపోయి, రెండింటి కొలతా సున్నాకు చేరినప్పుడే తొట్టి సిద్ధమైనట్లు. ఇందుకు సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అప్పుడైనా ఒకటి రెండు చేపలతోనే ఆరంభించాలి. ఆహారాన్ని బట్టియే బాక్టీరియాల సంఖ్య పెరుగుతుంది.

వీటికి ప్రాణవాయువు అత్యవసరం. విద్యుత్తు ఆగి నీటి ప్రవాహం నిలిచిపోతే ఇవి క్షీణిస్తాయి. క్లోరిన్ కలిసిన కుళాయి నీటితో వడపోత పదార్థాన్ని కడిగినా నశిస్తాయి. తొట్టి నుండి తీసిన నీటితోనే దానిని కడగాలి. పేరుకున్న నైట్రేటును తగ్గించడానికి అప్పుడప్పుడు కొంత నీటిని మార్చాలి.

మూగజీవిని ఇంటికి తెచ్చుకోవడానికి ధనం చాలు. దానిని బ్రతికించడానికి ఓర్పు కావాలి.

అర్థాలు
అపారము = అంతు లేనిది
ఉపేక్షించు = పట్టించుకొనకుండు
క్షీణించు = తగ్గిపోవు

ప్రశ్నలు
1. కొత్త అక్వేరియంలో చేపలు మరణించడానికి కారణమేమి?
2. అమ్మోనియా నైట్రేటుగా మారే క్రమాన్ని వివరించండి.