నెలబిడ్డ జబ్బ మీద పుండు

పోయినసారి మన గోడ పత్రికలో చెట్ల గురించి రాసినారు. నేను పసిబిడ్డ గురించి రాస్తున్నాను. చదివి నవ్వొద్దు. మనలో చానామందికి ఇంటి దగ్గర ఎత్తుకునే పని ఉండేదే.

దసరా సెలవులకు మా తండాకు పోయినప్పుడు మా అక్క కొడుక్కి ముప్పై రెండు రోజులు. పుట్టినప్పుడు రెండున్నర కిలోలు. మొదటి నాలుగు రోజుల్లో తూకం తగ్గిందని అక్క ఏడ్చిందంట. బిడ్డలందరూ ముందు కొంచెం తగ్గుతారు, పది పద్నాలుగు రోజులకు మళ్లా పుట్టినప్పటి తూకానికి వస్తారు. ఆ వయసు బిడ్డకు జానెడు, జానెడున్నర దూరమే బాగా కనిపిస్తుంది. అంటే పాలు తాగేటప్పుడు తల్లి మొగం కనిపించేంత. మెడ నిలబడదు కాబట్టి ఎత్తుకునేటప్పుడు తల కింద చెయ్యి పెట్టాలి. ఆరు నెలల దాకా తల్లిపాలే, ఎండాకాలమైనా నీళ్లు కూడా వద్దు. పాలు చాలుతున్నాయా అని అనుమానం వస్తే ఉచ్చ గుడ్డలు లెక్కపెట్టండి. రోజుకు ఆరు తడిపితే చాలుతున్నట్టే.

ఇంక అసలు సంగతి. వాడి ఎడమ జబ్బ మీద శనగ్గింజంత బొబ్బ లేచి, పగిలి, చీము కారుతా ఉంది. పుట్టినప్పుడు సూది వేసిన చోటే. మా అవ్వ "సూది వికటించింది, పసుపుకొమ్ము కాల్చి వాత పెడితే ఆరిపోతుంది" అనింది. అక్క అయితే "ఇంక ఏ సూదీ వద్దు, నెలన్నర సూదికి పోను" అనేసింది. నాకు భయమేసింది. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. టీకాల కార్డు బియ్యం డబ్బాలో ఉంటే తీసి చదివినాను. బీసీజీ అని ఉంది. దాని పక్కన పుండు గురించి ఏమీ రాసి లేదు.

తెల్లారి నేను, అక్క బిడ్డను ఎత్తుకోని నర్సమ్మ దగ్గరికి పోయినాము. ఆమె చూసి నవ్వింది. ఈ సూది వేసిన రెండు వారాల నుంచి ఆరు వారాల లోపల చిన్న గడ్డ లేస్తుంది, పుండవుతుంది, తనంతట తానే ఎండిపోయి మచ్చ పడుతుంది. నూనె, పసుపు, సున్నం, మందు ఏదీ పూయకూడదు, పిండకూడదు. స్నానం చేయించొచ్చు. చంకలో గడ్డ పెద్దదైతేనో, పుండు ఎన్నాళ్లకూ ఆరకపోతేనో చూపించమనింది.

సెలవులైనాక సైన్సు మేడమ్‌ను అడిగి ఇంకా తెలుసుకున్నాను. బీసీజీ క్షయకు టీకా. కాల్మెట్, గెరిన్ అనే ఇద్దరు ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ఆవుల క్షయ క్రిమిని పదమూడేండ్లు మళ్లీమళ్లీ పెంచి, దాని బలం తగ్గించి తయారుచేసినారు. 1921లో పారిస్‌లో మొదట ఇచ్చింది ఒక పసిబిడ్డకే. వాళ్లమ్మ క్షయతో చనిపోయింది. ఆ బిడ్డకు నోట్లో పోసినారంట, సూది కాదు.

మదనపల్లె అంటే మనం 1919లో టాగూరు వచ్చిన సంగతే చెప్తాము. పక్కనే ఉన్న ఆరోగ్యవరం గురించి చెప్పము. అక్కడ 1915లో క్షయ ఆస్పత్రి తెరిచినారు. డెన్మార్క్ డాక్టరు ఫ్రీమాట్ మోలర్ గారు 1950 నుంచి మదనపల్లె చుట్టూ పల్లెల్లో జనాన్ని పరీక్ష చేసి, ఈ బీసీజీ ఎంత పనిచేస్తుందో చూసినారు. ఇప్పుడు తెలిసింది ఏమంటే, పసిబిడ్డలకు మెదడుకు ఎక్కే క్షయ, ఒళ్లంతా పాకే క్షయ రాకుండా ఇది బాగా కాపాడుతుంది. పెద్దయినాక ఊపిరితిత్తులకు వచ్చేదాన్ని అంత బాగా ఆపలేదు.

మొన్న రాత్రి మా రూములో అందరమూ జబ్బలు చూసుకున్నాము. ఇద్దరికి మచ్చ లేదు. వాళ్లు దిగులు పడినారు గానీ, మచ్చ పడలేదని మళ్లీ వేయించుకోనక్కర లేదంట.

మా అవ్వకు ఏమీ తెలియదని మాత్రం అనుకోవద్దు. కాళ్లు చాపుకోని బిడ్డను పండబెట్టి, చెవుల్లోకి చుక్క పోకుండా నీళ్లు పోసేది ఆమెకు వచ్చినట్టు నాకు రాదు. వాతతోనే నా కొట్లాట. బిడ్డ చర్మం పలచన, కాలితే ఆ పుండులో చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డ పాలు తాగకపోతే, ఒళ్లు చల్లబడితే, ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోతే, అరికాళ్లు పచ్చబడితే వాత పెట్టి కూర్చోకుండా 108కి ఫోను చేయాలి.

నలభై ఐదో రోజుకు నేను హాస్టల్లో ఉన్నాను. అక్క పోతుందో లేదో అని రెండు రోజులు చదువు ఎక్కలేదు. ఆదివారం ఫోన్లో మాట్లాడినాను. పోయిందంట. నోట్లో చుక్కలు, రెండు తొడలకు సూదులు, కుడి జబ్బకు ఇంకొకటి. నన్ను బాగా తిట్టింది. రాత్రంతా బిడ్డకు జ్వరమంట, ఏడుపంట. తెల్లవార్లూ వాణ్ణి భుజాన వేసుకోని తిరిగింది మా అవ్వేనంట.

— 9వ తరగతి విద్యార్థిని