పామిడిలో కంపెనీ, డాలస్‌లో జరిమానా

అనంతపురం జిల్లాలోని మా పామిడి అంటే నైటీలు, బట్టల అంగళ్లు. ఆ వ్యాపారంలో పుట్టి పెరిగిన పిల్లలు తమ్ముడికో బావమరిదికో ఆసరాగా ఉంటుందని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఒకటి రిజిస్టర్ చేయించి, సగానికి పైగా వాటా తమ పేరున ఉంచుకుని అమెరికా విమానం ఎక్కుతున్నారు. ఇక్కడ దిగాక దాని ఊసే ఎత్తరు. నాకు తగిలిన దెబ్బే వీళ్లకూ తగులుతుంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు, అద్దె ఇల్లు ఎవరినడిగినా చెబుతారు. ఊళ్లోని సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్‌ఓ (ప్రవాస) ఖాతాగా మార్పించుకోమనీ చెబుతారు. కంపెనీ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

ఇండియా వైపు లెక్క సులువే. మార్చి 31తో ఏడాది ముగుస్తుంది, సెప్టెంబరు 30లోగా వార్షిక సమావేశం జరగాలి. ఆ తర్వాత కంపెనీల రిజిస్ట్రారుకు 30 రోజుల్లో ఆర్థిక నివేదికల ఫారం ఏఓసీ-4, 60 రోజుల్లో వార్షిక రిటర్ను ఎంజీటీ-7ఏ వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. ఇది ఇంతటితో ఆగుతుందని ఎక్కడా లేదు. మూడేళ్లు వరుసగా ఎగ్గొడితే డైరెక్టరుగా ఐదేళ్లు అనర్హులవుతారు. 2017లో మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లకు ఇదే గతి పట్టింది. డాలర్లు తిరిగి తీసుకెళ్లే షరతు మీద పెట్టుబడి పెట్టి ఉంటే, జులై 15లోగా రిజర్వు బ్యాంకుకు ఎఫ్ఎల్ఏ (విదేశీ అప్పులు, ఆస్తుల) రిటర్ను కూడా పోవాలి. అమ్మకాలు లేకపోయినా ఇవేవీ తప్పవు.

ఇక అమెరికా వైపు అసలు ముప్పు ఫారం 5471. హెచ్1బీ మీద ఉన్నా సరే, పన్నుల లెక్కలో మీరు అమెరికా రెసిడెంటు అయ్యారంటే, సగానికి పైగా వాటా ఉన్న విదేశీ కంపెనీ వివరాలు ఏటా మీ రిటర్నుతో జతచేయాలి. వాటా పది శాతమే అయినా, రెసిడెంటు అయిన ఏడాది ఒకసారి చెప్పాల్సిందే. చెప్పకపోతే ఒక్కో ఏడాదికి 10,000 డాలర్ల జరిమానా. లాభం వచ్చిందా, పన్ను బాకీ ఉందా అని ఎవరూ అడగరు.

నా రిటర్ను వేసినాయన విదేశంలో కంపెనీ ఉందా అని ఏనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఊళ్లో కంపెనీ నష్టాల్లో ఉంది, నాకు రూపాయి రాలేదు, ఇంక చెప్పడానికేముంది అనుకున్నాను. డాలస్‌లోని ఇంటికి అమెరికా పన్నుల శాఖ (ఐఆర్ఎస్) జరిమానా నోటీసు వచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు. ఆ జరిమానా డబ్బుతో పామిడిలో ఎన్ని కుట్టుమిషన్లు వచ్చేవి! మధ్యాహ్నం పూట వీధిలో నడుస్తుంటే ఇంటింటి నుంచీ వినబడే ఆ మిషన్ల చప్పుడు, ఎండిన పెన్న ఇసుక మీద సాయంత్రాలు, చెనిక్కాయల ఊరిబిండితో సంగటి, అన్నీ ఆ రాత్రి గుర్తొచ్చాయి. ఊరికి ఏదో చేద్దామని పెట్టిన డబ్బే ఇంత దూరంలో జరిమానా తెచ్చిపెడితే ఆ బాధ వేరు.

ఇంత చెప్పినా మొన్న ఒక పిల్లాడు, "కంపెనీ ఖాళీగానే ఉంది కదన్నా" అన్నాడు. ఖాళీ కంపెనీకీ కాగితం పోవాలి నాయనా! పూర్తిగా నిద్రపోతున్న కంపెనీకి ఒక్క పేజీతో సరిపెట్టే వీలుంది, కానీ ఆ పేజీ పోవాలి. మళ్లీ చెబుతున్నాను, లాభం లేకపోయినా పోవాలి.

కంపెనీలో సగానికి పైగా వాటా మీదైనా, దాని ఖాతా మీద మీ సంతకం చెల్లినా, విదేశీ బ్యాంకు ఖాతాల నివేదిక అయిన ఎఫ్‌బార్‌లో అదీ రాయాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే చాలు.

ఊరి ఆడిటరు బ్యాలెన్స్ షీటు సెప్టెంబరుదాకా తేల్చడు. కాబట్టి ఏప్రిల్ 15లోపు ఫారం 4868తో అక్టోబరు 15 వరకు గడువు తీసుకోండి. పాత ఏళ్లవి ఎగ్గొట్టి ఉంటే, ఐఆర్ఎస్ ఉత్తరం రాకముందే 5471 వేసిన అనుభవమున్న సీపీఏ (అమెరికా ఆడిటరు) దగ్గరికి పోండి. వేసిన అనుభవం ఉందా అని నోరు తెరిచి అడగండి.

కంపెనీ ఇక నడవదనుకుంటే అలా వదిలేయకండి. రెండేళ్లుగా వ్యాపారం లేకపోతే ఎస్‌టీకే-2 ఫారం వేసి రిజిస్టరు నుంచి పేరు కొట్టేయించుకోవచ్చు. ముందు బాకీ ఉన్న ఫారాలన్నీ వేయాలి. మూసేసిన ఏడాదికి సంబంధించిన 5471 కూడా మరవకండి.